హార్డ్‌డిస్కు నకలు: ‘మక్కికి మక్కి’ ప్రతుల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఒక హార్డ్‌డిస్కును యథాతథంగా మరొక డిస్కులోకి ఎత్తి రాసుకొనే పద్ధతి రూపొందిన క్రమాన్ని, అందులో బూటబుల్ డిస్కు పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫైళ్ల నకలుకూ డిస్కు నకలుకూ గల భేదాన్ని వివరించి, యూనికోడ్ వాడుకలోకి రాకముందు టైపు చేసిన తెలుగు రచనల పరిరక్షణకు ఈ పద్ధతి ఎందుకు అవసరమో చర్చిస్తుంది.

కీలకపదాలు: హార్డ్‌డిస్కు, క్లోనింగ్, బూటబుల్ డిస్కు, ఘోస్ట్, క్లోన్‌జిల్లా, తెలుగు ఫాంట్లు, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

తాను చూసినదే రాశానని, తప్పులుంటే తనను నిందించవద్దని లేఖకుడు గ్రంథాంతంలో విన్నవించుకోవడం తాళపత్రప్రతులతో పరిచయమున్నవారు ఎరిగిన సంప్రదాయమే. మూలప్రతిలో అంటుకుపోయిన ఈగను చూసి, తన ప్రతిలోనూ అదే చోట ఒక ఈగను అంటించిన లేఖకుడి కథ నుంచి ‘మక్కికి మక్కి’ అనే పలుకుబడి పుట్టిందని చెబుతారు. సాహిత్యరంగంలో ఇది ఎగతాళి మాట. పరిష్కర్త పని ఈగను తొలగించడమే. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రకటించడానికి పలు ప్రతులను సేకరించి పోల్చి చూడవలసి వచ్చింది కూడా అందుకే. అయితే కంప్యూటరు రంగంలో ఈగతో సహా ఎత్తి రాయడమే ఉత్తమ నకలుకు లక్షణమైంది. ఈ విపర్యయానికి కారణాలు పరిశీలించదగినవి.

2. ఫైలు నకలు – డిస్కు నకలు

1956లో ఐ.బి.ఎం. విడుదల చేసిన ర్యామాక్ యంత్రంలోని నిల్వ పరికరం 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలతో సుమారు 50 లక్షల అక్షరాలను దాచగలిగేది. 1983లో వచ్చిన పి.సి. ఎక్స్‌టి నాటికి 10 మెగాబైట్ల డిస్కు బల్లమీదికి చేరింది. అప్పటినుంచి డిస్కు చెడిపోతే ఏమిటన్న ప్రశ్న సామాన్య వినియోగదారుడిదీ అయింది.

ఫైళ్లన్నీ కొత్త డిస్కులోకి మార్చినంత మాత్రాన కంప్యూటరు పనిచేయదు. సంప్రదాయికంగా డిస్కు 512 బైట్ల సెక్టార్లుగా విభజితమై ఉంటుంది. పాత పి.సి.లలో మొదటి సెక్టారులో 446 బైట్లు యంత్రాన్ని మేల్కొలిపే చిన్న ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కు విభాగాల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు కేటాయించారు. ఈ సమాచారం ఏ ఫైలులోనూ ఉండదు. కనుక ఫైలు నకలు గ్రంథపాఠాన్ని మాత్రమే ఎత్తి రాయడం వంటిది. డిస్కు నకలు ఆకుల వరుస, అంకెలు, అంచుల్లోని రాతలు, చెరిపివేతల జాడలతో సహా ప్రతి మొత్తాన్నీ దించుకోవడం వంటిది.

3. బూటబుల్ డిస్కు అవసరం

నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ తన డిస్కుమీద నిరంతరం ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. నకలు మొదలైనప్పటి స్థితికీ ముగిసేనాటి స్థితికీ పొంతన కుదరదు. కాబట్టి యంత్రాన్ని మరొక మాధ్యమం నుంచి ప్రారంభించి, మూలడిస్కును నిశ్చలంగా ఉంచి నకలు తీయాలన్న ఆలోచన స్థిరపడింది. తొలుత ఈ పని 1.44 మెగాబైట్ల ఫ్లాపీ చేసేది. 1995లో ఫీనిక్స్, ఐ.బి.ఎం. సంస్థలు కలిసి రూపొందించిన ‘ఎల్ టోరిటో’ ప్రమాణంతో సి.డి. నుంచి కంప్యూటరును ప్రారంభించడం సాధ్యపడింది. ఆ తరువాత క్లౌస్ క్నోపర్ జర్మనీలో రూపొందించిన క్నాపిక్స్, సి.డి. మీదనుంచే పూర్తిస్థాయి లినక్స్‌ను నడిపి చూపింది. నేడు ఆ స్థానాన్ని పెన్‌డ్రైవు ఆక్రమించింది.

4. ఉపకరణాల పరిణామం

4.1 డి.డి.: 1974 నాటి యునిక్స్ అయిదవ కూర్పులో కనిపించే ఈ ఆదేశం పేరు ఐ.బి.ఎం. పెద్ద కంప్యూటర్లలోని ‘డేటా డెఫినిషన్’ వాక్యం నుంచి వచ్చింది. ఇది విషయం తెలియని లేఖకుడు. ఎదుట ఉన్న బైట్లను వరుసగా ఎత్తి రాస్తుంది. మూలాన్నీ గమ్యాన్నీ తారుమారుగా పేర్కొంటే ఖాళీ డిస్కును నిండు డిస్కుమీద రాసేస్తుంది. ఆ నష్టం తిరిగి పూడ్చలేనిది.

4.2 ఘోస్ట్: 1995లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో బైనరీ రీసెర్చ్ సంస్థ తరఫున మర్రీ హాజర్డ్ దీనిని రూపొందించాడు. 1998లో సిమాంటెక్ సంస్థ కొనుగోలు చేసింది. డిస్కులో వాడుకలో ఉన్న భాగాన్ని గుర్తించి దానినే నకలు చేయడంతో ఎంతో సమయం ఆదా అయింది. ఒక కంప్యూటరును సిద్ధం చేసి, ప్రయోగశాలలోని మిగతావాటిని దాని ప్రతులుగా మార్చే పద్ధతి దీనితో వ్యాపించింది. అయితే విండోస్ ఎన్.టి.లో ప్రతి యంత్రానికీ ఉండే భద్రతాసంఖ్య కూడా నకలైంది. దానిని మార్చకపోతే ప్రమాదమని ఏళ్ల తరబడి నమ్మారు. మైక్రోసాఫ్ట్‌కు చెందిన మార్క్ రుసినోవిచ్ 2009లో ఈ భయానికి ఆధారం లేదని వాదించి, ఆ సంఖ్యను మార్చడానికి తాను రూపొందించిన ఉపకరణాన్నే ఉపసంహరించాడు. పరీక్షకు నిలవని నమ్మకం పరంపరగా కొనసాగడం కేవలం పాఠపరంపరలకే పరిమితం కాదని ఇది తెలుపుతున్నది.

4.3 క్లోన్‌జిల్లా, డి.డి.రెస్క్యూ: తైవాన్‌లోని జాతీయ అధికసామర్థ్య గణన కేంద్రంలో రూపొందిన క్లోన్‌జిల్లా ఉచితంగా లభించే బూటబుల్ ఉపకరణం. జి.ఎన్.యు. డి.డి.రెస్క్యూ శిథిలమైన డిస్కుల కోసం ఉద్దేశించినది. ఇది ముందుగా బాగున్న భాగాలను చదివి, పాడైన చోట్లను పట్టికలో నమోదు చేసి, తరువాత వాటివద్దకు తిరిగి వస్తుంది. చదవలేని చోట ‘గ్రంథపాతం’ అని గుర్తించి ముందుకు సాగే పరిష్కర్త పద్ధతికి ఇది సన్నిహితం.

5. సాక్ష్యంగా నకలు

నేరపరిశోధనలో మూలడిస్కును ముట్టుకోకుండా దాని ప్రతిని మాత్రమే పరిశీలిస్తారు. రెండింటికీ గణించిన ‘హ్యాష్’ విలువ ఒకటే అయితే ప్రతి యథాతథమని నిర్ధారిస్తారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద సమర్పించే ధ్రువపత్రంలో ఈ విలువను పేర్కొనవలసి ఉంటుంది. లేఖకుడి విన్నపం స్థానంలో గణితం హామీగా నిలిచిందన్నమాట.

6. తెలుగు రచనల పరిరక్షణ

తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్‌లో స్థానం లభించినా, 2001లో విండోస్ ఎక్స్‌పితో ‘గౌతమి’ ఫాంటు వచ్చిన తరువాత కూడా అచ్చురంగం చాలాకాలం సొంత సంకేతాలుగల ఫాంట్లనే వాడింది. అటువంటి ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు భద్రంగానే ఉంటుంది. చదివే మార్గమే ఉండదు. ఫాంటు, కీబోర్డు ప్రోగ్రాము, పేజీలు కూర్చిన సాఫ్ట్‌వేరు, వాటిని నడిపిన ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ కలిసి ఉన్నప్పుడే ఆ రచన సజీవం. వాటన్నిటినీ ఒక్కటిగా నిలిపేది డిస్కు నకలే. ఆ ప్రతిని నేటి కంప్యూటరులో వర్చువల్ యంత్రంగా నడిపి చదువుకొనే వీలుంది.

ఇందులో ఒక నైతిక ప్రశ్న కూడా ఇమిడి ఉంది. రచయిత చెరిపివేసిన ఉత్తరం, వద్దనుకొన్న చిత్తుప్రతి కూడా సంపూర్ణ నకలులో మిగలవచ్చు. పరిశోధకుడికి అది పాఠాంతరం. రచయితకు అది గోప్యం. కనుక ప్రతి తీయడానికి అనుమతి, దానిని చూడడానికి నియమం ముందే నిర్ణయించుకోవడం అవసరం.

7. ముగింపు

• డిస్కు నకలు విలువ దాని ‘మక్కికి మక్కి’ స్వభావంలోనే ఉంది. వైరస్‌లు, లోపాలు కూడా అందులో చేరతాయి కాబట్టి నకలు తరువాతే పరిష్కరణ జరగాలి.
• మూలం, గమ్యం సరిచూసుకోవడం, గమ్యడిస్కు పరిమాణం మూలానికి తగ్గకుండా చూడడం, హ్యాష్ విలువ నమోదు చేయడం, రెండు వేర్వేరు చోట్ల ప్రతులను దాచడం కనీస నియమాలు. సంకేతీకరించిన డిస్కుకు తాళపుమాటను కూడా భద్రపరచాలి.
• తెలుగుశాఖలు, పత్రికలు, ముద్రణాలయాలు పాత కంప్యూటర్లను తుక్కుకు పంపేముందు వాటి డిస్కులకు ప్రతులు తీయడం అత్యవసరం. చెదలు తిన్న తాళపత్రంలో కొన్ని అక్షరాలైనా మిగులుతాయి. ఆగిపోయిన డిస్కు తరచుగా ఏమీ మిగల్చదు.