బొమ్మల పుస్తకం నుంచి కరివేపాకు చెట్టు దాకా: చిన్నపిల్లలకు జీవశాస్త్రం

పిల్లలూ, ఇది మీరు కూడా చదవండి. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళకూ చదివి వినిపించండి.

జీవశాస్త్రం అంటే హైస్కూల్లో మొదలయ్యే సబ్జెక్టు అనుకుంటాం. నిజానికి మూడేళ్ళ పిల్ల చీమల బారు పక్కన గొంతుక్కూర్చొని చూస్తున్నప్పుడే అది మొదలైపోతుంది. ఆ చూపును నిలబెట్టడానికి మంచి సాధనం బొమ్మల పుస్తకం. అయితే పుస్తకం ఒక్కటే చాలదు. పుస్తకంలో చూసినదాన్ని పెరట్లో వెతకాలి, పెరట్లో దొరికినదాన్ని మళ్ళీ పుస్తకంలో బొమ్మతో పోల్చి చూడాలి.

"మాకు చదువు రాదు, మేమేం నేర్పుతాం?" అని కొందరు అమ్మానాన్నలు వెనక్కి తగ్గుతుంటారు. పత్తి, కంది, మిరప పండే ప్రాంతం మనది. ఏ పురుగు ఏ పైరు మీద వాలుతుందో, ఎప్పుడు వస్తుందో సేద్యం చేసే మీకు బాగా తెలుసు. బొమ్మల పుస్తకానికి అక్షరాలు రాకపోయినా ఫర్వాలేదు. బొమ్మ చూపించి, మీకు తెలిసింది మీ మాటల్లో చెప్పండి.

ఏ వయసుకు ఎలాంటి పుస్తకం?

రెండు, మూడేళ్ళ పిల్లలకు పేజీకి ఒక్క బొమ్మ, ఒక్క పేరు ఉంటే చాలు. కోడి, కప్ప, మేక, ఉడుత లాంటివి రోజూ కళ్ళబడేవి అయితే మంచిది.

నాలుగు, ఐదేళ్ళకు మార్పు చూపించే పుస్తకాలు ఇవ్వండి. గింజ మొక్క కావడం, గుడ్డు కోడిపిల్ల కావడం, తోకకప్ప కప్ప కావడం లాంటివి. "తరువాతి పేజీలో ఏముంటుంది?" అని అడిగి, పిల్ల చెప్పాకే పేజీ తిప్పండి.

ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు వేరు, కాండం, ఆకు, రెక్క, కాలు అని భాగాలు గుర్తించిన బొమ్మలు కావాలి. ఈ వయసులో చూసినదాన్ని తామే గీసి, పక్కన తేదీ రాసుకోమనండి.

కరివేపాకు చెట్టు దగ్గర

సీతాకోకచిలుక పుస్తకం చదివిన రోజే కరివేపాకు చెట్టు దగ్గరికి తీసుకెళ్ళండి. నిమ్మ చెట్టు ఉన్నా సరే. ఈ చెట్ల లేత ఆకుల మీద నలుపు, పసుపు కలిసిన ఒక రకం సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. అందులోంచి వచ్చే పిల్ల పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలాగా ఉంటుంది. అది చూసి పిట్టలు తినకుండా వదిలేస్తాయి. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. దాన్ని కదిలిస్తే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములాంటిది బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది. చివరికి కొమ్మకు ఆనుకొని, నడుముకు పట్టుదారం చుట్టుకొని ప్యూపా అవుతుంది. కొన్నాళ్ళకు అందులోంచి సీతాకోకచిలుక వస్తుంది. మొత్తానికి నెల రోజులు, వాతావరణాన్ని బట్టి ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు.

పుస్తకంలో నాలుగు పేజీల్లో అయిపోయిన కథకు ఇక్కడ నెల పడుతోంది. ఆ ఓపికే పిల్లలు నేర్చుకునే మొదటి సైన్సు. చెట్టు చిన్నదైతే పురుగులు ఆకులన్నీ తినేస్తాయి, అది నిజమే. ఒక కొమ్మ మీద ఒకటి రెండు మాత్రం పిల్లల కోసం ఉంచండి.

జర్మనీలో పుట్టిన మరియా సిబిల్లా మెరియన్ 13 ఏళ్ళ వయసులోనే పట్టుపురుగులను పెంచి, చూసి, బొమ్మలు గీసింది. తరువాత దక్షిణ అమెరికాలోని సురినామ్ దాకా వెళ్ళి, 1705లో అక్కడి కీటకాల మీద పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చింది. పురుగునూ అది తినే మొక్కనూ ఒకే బొమ్మలో చూపించడం ఆమె గొప్పతనం. మీ పిల్లల నోటుపుస్తకంలో కూడా అలాగే గీయించండి.

పుస్తకం కూడా తప్పు చెప్పొచ్చు

1969లో వచ్చిన ఎరిక్ కార్ల్ గొంగళి పురుగు పుస్తకం ప్రపంచమంతా పేరు పొందింది. అంకెలు, వారాల పేర్లు నేర్పడానికి చాలా బాగుంటుంది. కానీ అందులో పురుగు కేకు, ఐస్‌క్రీమ్ కూడా తింటుంది. అసలు పురుగు తన మొక్క ఆకులే తింటుంది. ఆ పురుగు పట్టుపురుగులాగా గూడు కట్టుకుందని కూడా అందులో ఉంటుంది. సీతాకోకచిలుకలు మామూలుగా అలాంటి గూడు కట్టవు, ప్యూపాగా మారతాయి. పుస్తకాన్ని పక్కన పెట్టనక్కర్లేదు. "ఇందులో ఏది నిజం, ఏది సరదా?" అని అడిగితే అదే పాఠమవుతుంది.

బొమ్మల్లో కాళ్ళు లెక్కపెట్టించండి. చీమకు ఆరు, సాలీడుకు ఎనిమిది. తొలకరి వానలకు ఎర్రటి మఖమల్ గుడ్డలా కనిపించే ఆరుద్ర పురుగుకు కూడా ఎనిమిదే. మనం అన్నింటినీ పురుగులే అంటాం. ఆరు కాళ్ళవే కీటకాలు. ఆరుద్ర పురుగు సాలీడుకు చుట్టం.

రెండు భాషల్లో ఒకే జీవి

మన పిల్లలు ఇంట్లో ఒక పేరు, బయట ఇంకో పేరు వింటారు. రెండూ ఒకటేనని తెలియక తికమకపడతారు. ఇంటి పేరు తప్పని అనుకొని మానేసే ప్రమాదం కూడా ఉంది. బొమ్మ కింద రెండు పేర్లూ రాయండి.

గొంగళి పురుగు – కంబళిహుళు
సీతాకోకచిలుక – చిట్టె
చీమ – ఇరువె
సాలీడు – జేడ
తోకకప్ప – గొదమొట్టె
వేరు – బేరు

గొంగళి అన్నా కంబళి అన్నా కప్పుకునేదే కదా! ఒళ్ళంతా నూగున్న పురుగును చూసి రెండు భాషలవాళ్ళూ ఒకే ఊహ చేశారు. ఒక బొమ్మ, రెండు భాషలు అనే పద్ధతి కొత్తదేమీ కాదు. కొమీనియస్ అనే ఉపాధ్యాయుడు 1658లోనే పిల్లల కోసం లాటిన్, జర్మన్ భాషలు పక్కపక్కన పెట్టి బొమ్మల పుస్తకం వేశాడు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా చూడాలని మన రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో చేర్చిన అధికరణం అది. ఇంట్లో ఆ పని పురుగు పేరుతో, ఆకు పేరుతో మొదలవుతుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు, కన్నడ బొమ్మల పుస్తకాలు ఫోన్లో ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింట్ కూడా తీసుకోవచ్చు. మొదటిసారి చదివేవారికి ఒకటో స్థాయి పుస్తకాలు ఎంచుకోండి. నేషనల్ బుక్ ట్రస్ట్, హైదరాబాద్‌లోని మంచి పుస్తకం, చెన్నైలోని తులిక కూడా తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. కొంచెం పెద్ద పిల్లలకు జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి మాసపత్రిక బాగుంటుంది.

కొన్ని జాగ్రత్తలు

నూగు ఉన్న పురుగులను పిల్లలు ముట్టుకోకూడదు, దురద పుడుతుంది. మందు కొట్టిన చేలోకి పిల్లలను పురుగులు చూడడానికి తీసుకెళ్ళొద్దు. చూసొచ్చాక చేతులు సబ్బుతో కడిగించండి.

ఈ వారం చేయండి

తడిగుడ్డలో నాలుగు కంది గింజలు, నాలుగు జొన్న గింజలు వేసి ఉంచండి. ముందు బయటికి వచ్చేది వేరా, ఆకా? పిల్లలను ముందే ఊహించి గీయమనండి. రోజూ ఒక బొమ్మ గీసి తేదీ వేస్తే వారం చివరికి అది మీ ఇంటి బొమ్మల పుస్తకం అవుతుంది. దాన్ని బడికి పంపించండి, తరగతిలో అందరం కలిసి చదువుదాం.