కారు షోరూమ్‌లో బేరం: గుర్రాల సంత నుంచి ఆన్‌రోడ్ ప్రైస్ దాకా

ఇవాళ మైలేజ్, సన్‌రూఫ్, ఎయిర్‌బ్యాగ్‌లు ఏవీ మాట్లాడను. ఒకే ఒక్క ప్రశ్న. మాల్‌కి వెళ్లి 1,500 రూపాయల చొక్కా కొంటే ట్యాగ్ మీద ఎంతుంటే అంత కట్టేసి వస్తాం. అదే 12 లక్షల కారు కొనడానికి వెళ్తే మాత్రం బాబాయిని, ఆఫీస్‌లో కాస్త గట్టిగా మాట్లాడే ఫ్రెండ్‌ని తోడు తీసుకెళ్తాం. ఎందుకు? కంపెనీలో తయారైన వస్తువే కదా, ఒకే మోడల్, ఒకే కలర్, ఒకే వేరియంట్. దానికి ఇద్దరు మనుషులకి రెండు ధరలు ఎలా వచ్చాయి?

దీనికి జవాబు కావాలంటే అమెరికా వెళ్లాలి. కారు బేరం అనే పద్ధతి గట్టిపడింది అక్కడే.

పాత రోజుల్లో అమెరికాలో కూడా బట్టల కొట్లో బేరమే. మనిషిని చూసి రేటు. 1876లో ఫిలడెల్ఫియాలో జాన్ వానమేకర్ అనే వ్యాపారి పెద్ద స్టోర్ తెరిచి, ప్రతి వస్తువుకీ ఒకే ధర, అది ట్యాగ్ మీద ఉంటుంది, ఎవరొచ్చినా అదే అన్నాడు. ఇలాంటి పెద్ద స్టోర్‌లు పెరిగేకొద్దీ ఆ అలవాటు మిగతా కొట్లకీ పాకింది. ఒక్కచోట మాత్రం పాకలేదు. గుర్రాల వ్యాపారం. ఏ రెండు గుర్రాలూ ఒకలా ఉండవు. పళ్లు చూడాలి, కాళ్లు చూడాలి, అమ్మేవాడి మొహం కూడా చూడాలి. మన సంతల్లో ఎడ్ల బేరం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియకూడదు. అసలు ఆట అంతా ఆ తువ్వాలులోనే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి.

గుర్రం స్థానంలోకి కారు వచ్చింది. మొదట్లో పెద్దగా బేరం అవసరం రాలేదు. ఫోర్డ్ మోడల్ టి 1908లో 850 డాలర్లు. 1925కి వచ్చేసరికి దాంట్లో చవక వేరియంట్ 260 డాలర్లకి దిగింది. ఏటేటా కంపెనీయే తగ్గిస్తుంటే ఇంక మీరు అడిగేదేముంది?

అసలు మలుపు 1920లలో వచ్చింది. కారు కొనాలనుకున్నవాళ్లలో చాలామంది దగ్గర అప్పటికే ఒక కారు ఉంది. కొత్తది కావాలంటే పాతది ఇచ్చి మార్చుకోవాలి. మనం ఎక్స్ఛేంజ్ అంటామే, అదే. ఇక్కడే గుర్రం మళ్లీ షోరూమ్‌లోకి వచ్చేసింది. ఎందుకంటే కొత్త కార్లు అన్నీ ఒకేలా ఉన్నా, పాత కార్లు రెండు ఒకేలా ఉండవు.

సింపుల్ లెక్క చెప్తాను, ఇది నా సొంత ఉదాహరణ. మీ పాత కారు నిజంగా 300 డాలర్లు చేస్తుంది. డీలర్ పెద్ద మనసుతో "మీ కారు బాగా మెయింటైన్ చేశారండీ, 500 ఇస్తా" అన్నాడు. మీరు ఫుల్ హ్యాపీ. కానీ కొత్త కారు ధరలో ఆ 200 ముందే కలిపేసి ఉంచాడు. మీకు తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే కొత్త కారు అసలు ధర ఎంతో ఎక్కడా రాసి లేదు. దీన్ని అక్కడ ప్యాకింగ్ అనేవాళ్లు. ధరలో గాలి కొట్టడం అన్నమాట. బేరంలో ఒక్క అంకె ఉంటే దాని మీద మీ కన్ను ఉంటుంది. రెండు అంకెలు ఉంటే, ఒకదాన్ని పట్టుకుని సంబరపడేలోపు రెండోది జారిపోతుంది. ఇప్పుడైతే ఇఎంఐ అని మూడోది కూడా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి సివిల్ కార్ల తయారీ ఆగిపోయింది. యుద్ధం అయ్యాక కార్లకి కరువు. డీలర్ ఎంత చెప్తే అంత. తర్వాత 1950లలో సీన్ రివర్స్. ఫోర్డ్, షెవర్లే నంబర్ వన్ కోసం పోటీ పడి కార్లు తయారుచేసి డీలర్ల మీదకి తోసేశాయి. ఇది ముఖ్యం, ఎందుకంటే మనం డీలర్‌ని విలన్‌గా చూసేసి ఆగిపోతాం. ఆ డీలర్ నెత్తి మీద కంపెనీ కూర్చుని ఉంది. స్టాక్ ఎత్తకపోతే డీలర్‌షిప్ పోతుందని భయం. డీలర్లే వెళ్లి ప్రభుత్వానికి మొర పెట్టుకున్నారు. ఫలితంగా 1956లో, కంపెనీ అన్యాయంగా ప్రవర్తిస్తే డీలర్ కోర్టుకి వెళ్లొచ్చని చట్టం వచ్చింది. కానీ కొనేవాడి సంగతి?

ఆ పని చేసింది ఓక్లహోమా సెనేటర్ మైక్ మన్‌రోనీ. ఈయన మొదట విలేకరి, ఆ తర్వాత ఇంట్లోవాళ్ల ఫర్నిచర్ షాప్ నడిపాడు. అంటే కౌంటర్‌కి అటు వైపు నిలబడిన మనిషే. సెనేట్‌లో కార్ల అమ్మకాల మీద విచారణలు నడిపి, చివరికి ఒక బిల్లు తెచ్చాడు. 1958 జులై 7న ప్రెసిడెంట్ ఐసన్‌హోవర్ సంతకం చేశాడు. చట్టంలో పెద్ద హంగామా ఏమీ లేదు. ప్రతి కొత్త కారు అద్దానికి కంపెనీయే ఒక కాగితం అంటించాలి. దాని మీద కంపెనీ సూచించిన ధర, ఎక్స్‌ట్రా ఫిటింగ్ ప్రతిదానికీ విడివిడిగా ధర, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన రవాణా ఖర్చు, కింద టోటల్. కారు కస్టమర్ చేతికి వెళ్లేదాకా దాన్ని పీకకూడదు. ఇవాళ్టికీ అక్కడ దాన్ని మన్‌రోనీ స్టిక్కర్ అనే పిలుస్తారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, మీరు కొన్న కొత్త కారు అద్దం మీద ఉన్నది అదే.

తువ్వాలు తీసేసినట్టేనా? సగమే తీశారు. స్టిక్కర్ మీద ఉన్నది "సూచించిన" ధర. ఆ ధరకే అమ్మాలని రూల్ లేదు. డీలర్ తక్కువకి అమ్మొచ్చు, ఎక్కువకీ అమ్మొచ్చు. గాలి కొట్టే పాత పద్ధతికి దెబ్బ పడింది గానీ, స్టిక్కర్ పక్కన రెండో స్టిక్కర్ పుట్టింది. తుప్పు పట్టని కోటింగ్, సీటు ఫ్యాబ్రిక్ ప్రొటెక్షన్, డీలర్ మార్కప్. పైగా డీలర్‌కి కారు ఎంతకి పడిందో ఆ కాగితం మీద ఉండదు. అది ఇన్‌వాయిస్‌లో ఉంటుంది. ఆ ఇన్‌వాయిస్ చూపించినా, బండి అమ్మాక చాలా కంపెనీలు కొంత శాతం డీలర్‌కి వెనక్కి ఇస్తాయి, దాన్ని హోల్డ్‌బ్యాక్ అంటారు. అంటే "చూడండి సార్, మాకే ఇంతకి పడింది" అని చూపించే కాగితం కూడా చివరి అంకె కాదు.

సరే, కాస్త ఎక్కువో తక్కువో, తెలివైనవాడు తగ్గించుకుంటాడు, తెలియనివాడు ఇచ్చుకుంటాడు, ఇందులో ఏముంది అంటారా? నాకూ ముందు అలాగే అనిపించింది, ఈ స్టడీ చదివేదాకా. ఇయాన్ ఎయిర్స్ అనే లా ప్రొఫెసర్ షికాగో ఏరియాలో ఉత్తుత్తి కస్టమర్లని షోరూమ్‌లకి పంపించాడు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు. అందరిదీ దాదాపు ఒకే వయసు, ఒకే రకం బట్టలు. మాట్లాడే మాటలు కూడా ముందే రాసి ఇచ్చిన స్క్రిప్ట్. 1991లో మొదటి పేపర్. 1995లో పీటర్ సీగల్‌మన్‌తో కలిసి, 300కి పైగా జంట పరీక్షలతో పెద్ద పేపర్. రిజల్ట్ ఏంటంటే, అదే స్క్రిప్ట్‌కి తెల్ల మగవాళ్లకి అందరికన్నా తక్కువ ధర చెప్పారు. నల్లజాతి మగవాళ్లకి చివరి ధర సగటున 1,100 డాలర్ల దాకా ఎక్కువ. బేరం ఆడటం రాక కాదు. అందరూ ఒకే బేరం ఆడారు.

మొదటి పేపర్‌లో ఇంకో విషయం ఉంది, ఇది మనవాళ్లు వినాలి. కస్టమర్‌ని చాలాసార్లు వాళ్ల జాతికే చెందిన సేల్స్‌పర్సన్ దగ్గరికి పంపారు, అక్కడే ఇంకా ఖరీదైన డీల్ వచ్చింది. అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలు "ఆ షోరూమ్‌లో మన తెలుగాయన ఉన్నాడంట, అన్నా అంటే చేసిపెడతాడు" అని వెళ్తారు. నిజంగా చేసిపెట్టేవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ భాష కలిసిందని ధర కలిసిందనుకోవద్దు. ఇంకో రెండు షోరూమ్‌ల నుంచి ఈమెయిల్‌లో టోటల్ తెప్పించుకున్నాకే అన్నా అనండి.

ఈమెయిల్ అని ఊరికే అనట్లేదు. 2003లో స్కాట్ మోర్టన్, జెటెల్‌మేయర్, సిల్వా-రిస్సో అనే ముగ్గురు పరిశోధకులు ఒక పేపర్ వేశారు. మామూలుగా షోరూమ్‌కి వెళ్లి కొన్న నల్లజాతి, హిస్పానిక్ కస్టమర్లు మిగతావాళ్లకన్నా సుమారు 2 శాతం ఎక్కువ కట్టారు. ఇంటర్నెట్ రిఫరల్ సర్వీస్ ద్వారా వెళ్లినవాళ్లలో ఆ తేడా దాదాపు మాయమైంది. సమాచారం చేతిలో ఉండటం ఒక కారణం, ఆ సర్వీస్ పంపిన కస్టమర్‌ని డీలర్ వేరేగా చూడటం ఇంకో కారణం.

మరి మన దగ్గర? మన కథ రివర్స్‌లో నడిచింది. 1959 కంట్రోల్ ఆర్డర్ తర్వాత కార్ల అమ్మకం, పంపిణీ ప్రభుత్వ అదుపులోకి వెళ్లాయి. అంబాసిడర్, ఫియట్‌ల కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్. మీ తాతగారిని అడగండి, షోరూమ్‌లో బేరం అంటే నవ్వుతారు. బండి దొరకడమే డిస్కౌంట్. 1983లో మారుతి 800 వచ్చాక కూడా కొన్నేళ్లు క్యూలే. డిస్కౌంట్ అనే మాట మనకి గట్టిగా వినిపించింది 1990ల తర్వాత, కంపెనీలు పెరిగి, ఒకే ఊళ్లో ఒకే బ్రాండ్‌కి నాలుగైదు షోరూమ్‌లు వచ్చాక.

డీలర్లు ఒకరితో ఒకరు పోటీపడి తగ్గిస్తే కస్టమర్‌కి లాభం. కంపెనీకి అది నచ్చాలని లేదు. 2021 ఆగస్టు 23న కాంపిటీషన్ కమిషన్ మారుతి సుజుకికి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కమిషన్ ఆర్డర్ ప్రకారం, డీలర్ ఎంతవరకు డిస్కౌంట్ ఇవ్వాలో కంపెనీ పరిమితి పెట్టింది. దాటితే డీలర్‌కి, ఆ సేల్స్‌మ్యాన్‌కి కూడా ఫైన్. ఎవరు దాటారో కనిపెట్టడానికి ఏజెన్సీల ద్వారా ఉత్తుత్తి కస్టమర్లని షోరూమ్‌లకి పంపింది. కంపెనీ ఈ ఆర్డర్ మీద అప్పీలుకి వెళ్లింది. నాకు మాత్రం షికాగో గుర్తొచ్చింది. అక్కడ ఎవరికి ఎక్కువ చెప్తున్నారో తెలుసుకోవడానికి దొంగ కస్టమర్‌ని పంపారు. ఇక్కడ ఎవరికి తక్కువ చెప్తున్నారో పట్టుకోవడానికి.

కాబట్టి సేల్స్‌మ్యాన్ "సార్, ఇంతకన్నా మా చేతిలో లేదు" అంటే ప్రతిసారీ నాటకం కాకపోవచ్చు. అతని మీద గొంతు పెంచి లాభం లేదు. కాగితం మీదకి రండి. ఎక్స్‌షోరూమ్ ధర ఒక లైన్. లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానిది, అక్కడ బేరం లేదు. 10 లక్షలు దాటిన బండికి 1 శాతం టిసిఎస్ ఉంటుంది, అది ఖర్చు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుకుంటుంది, మర్చిపోకండి. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలని రూల్ లేదు, బయట కొటేషన్ తెచ్చి పక్కన పెట్టండి. యాక్సెసరీస్ కిట్, హ్యాండ్లింగ్ అని ఉంటే అవి దేనికో ఒక్కొక్కటీ రాసిమ్మనండి. పాత బండి ఉంటే, కొత్త బండి టోటల్ చేతిలోకి వచ్చేదాకా దాని మాటే ఎత్తొద్దు. 1920ల నాటి ఆ రెండు అంకెల ఆట హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇప్పటికీ నడుస్తోంది.

మీ ఊళ్లో ఆన్‌రోడ్ బ్రేకప్‌లో మీకు అర్థంకాని లైన్ ఏదైనా ఉంటే కామెంట్‌లో పెట్టండి. పేరు, ఫోన్ నంబర్, ఛాసిస్ నంబర్ కొట్టేసి పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒక పది తీసుకుని లైన్ బై లైన్ చూద్దాం.