గుమ్మడిపండు సర్వీసు రిజిస్టరు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వంటింటి వైపు తిరిగాను. ముప్పై నాలుగేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో కూర్చుని ఇతరుల సర్వీసు రిజిస్టర్లు వ్రాసినవాణ్ణి. ఈసారి ఒక గుమ్మడిపండు సర్వీసు రిజిస్టరు వ్రాస్తున్నాను.

క్రిందటి ఏడు దసరా వెళ్ళాక నేను, మా ఆవిడ అమెరికాలో అయోవా రాష్ట్ర రాజధాని డిమోయిన్ నగరంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాం. ఒక సాయంత్రం అమ్మాయి బజారు నుండి రెండు చిన్న కాయలు తెచ్చింది. ముదురాకుపచ్చ రంగు, నిలువునా గాళ్ళు, ఒక్కొక్కటి పీచు తీసిన కొబ్బరికాయ కంటె కాస్త పెద్దది.

"అమ్మా, ఇది ఇక్కడి గుమ్మడి. ఏకార్న్ స్క్వాష్ అంటారు. గుత్తివంకాయలాగా దీంట్లో కూర కూరి ఎయిర్ ఫ్రయ్యర్‌లో పెడతాను" అంది.

మా ఆవిడ వెంటనే నా వైపు తిరిగి, "ఏమండీ, గుమ్మడికాయకు మొదటి గాటు మగవాళ్ళే పెట్టాలి, ఇలా రండి" అంది. సర్వీసంతా కాఫీ గ్లాసు కూడా కడిగి ఎరుగని నేను ఆ విధంగా కత్తి పట్టుకున్నాను. కాయ రెండు చెక్కలైంది. లోపల పసుపుపచ్చని కండ, గింజలు. ఈ కాయ ఎక్కడిది, దీని పూర్వోత్తరాలు ఏమిటి అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

పుట్టిన తేదీ, ఊరు

మెక్సికో దేశంలో ఓహాకా అనే ప్రాంతం ఉంది. అక్కడి గిలా నకిట్స్ అనే కొండగుహలో 1966లో కెంట్ ఫ్లానరీ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు త్రవ్వకాలు జరిపాడు. అక్కడ దొరికిన గుమ్మడి గింజలను బ్రూస్ స్మిత్ అనే మరొక శాస్త్రజ్ఞుడు తిరిగి పరీక్షించి, వాటిలో సాగుచేసిన కాయల గింజలు సుమారు 10,000 ఏళ్ళ నాటివని 1997లో ప్రకటించాడు. అంటే ఆ దేశాల్లో మొక్కజొన్న కంటె గుమ్మడి సీనియరు అన్నమాట. అదే జాతిని ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని ప్రజలు సుమారు 5,000 ఏళ్ళ క్రితం విడిగా సాగులోకి తెచ్చారు. మా అమ్మాయి తెచ్చిన కాయ ఆ శాఖకు చెందినది.

అడవి గుమ్మడి కండ పలచన, పైగా చేదు విషం. మొదట్లో మనుషులకు పనికివచ్చినవి గింజలు, గట్టి పెంకు. ఏటేటా చేదు తగ్గిన కాయను, కండ పెరిగిన కాయను ఎంచి, దాని గింజనే దాచి, మళ్ళీ నాటి, తినదగిన పండుగా మార్చారు. ఎన్ని వందల తరాల ఓపిక అది!

స్క్వాష్ అనే ఇంగ్లీషు మాట కూడా ఇంగ్లీషువారిది కాదు. అమెరికా ఈశాన్య తీరపు నరగాన్‌సెట్ తెగ వారి మాటకు అది కురచ రూపం. ఆ భాషను నేర్చుకుని రోజర్ విలియమ్స్ 1643లో ప్రకటించిన గ్రంథంలో ఈ మాట కనబడుతుంది. ఇక శీతకాలపు గుమ్మడి అని ఎందుకంటారు? చలికాలంలో కాస్తుందని కాదు. లేతగా కోసి తినేది వేసవి రకం. తీగ మీదనే పండనిచ్చి, తోలు గట్టిపడ్డాక కోసి, చలికాలమంతా దాచుకునేది శీతకాలపు రకం. మన పెద్దలు అటక మీద గుమ్మడిపండ్లు దాచింది ఈ పద్ధతిలోనే.

మన గుమ్మడి ఏది?

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. మనం గుమ్మడి అనే పేరుతో రెండు కాయలను పిలుస్తాం. వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడి ఆసియా ఖండపుది. సంస్కృతంలో కూష్మాండం అన్నది దానినే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత కూడా బూడిద గుమ్మడిదే. దానిని భుజాన మోస్తేనే తెల్లని పొడి అంటుతుంది.

సంక్రాంతికి దప్పళంలో వేసుకునే తియ్యని మంచి గుమ్మడి మాత్రం అమెరికా ఖండపు గుమ్మళ్ళకు దాయాది. కొలంబస్ 1492లో అటు వెళ్ళిన తరువాతనే అది సముద్రాలు దాటింది. మిరపకాయ కథా అంతే. మన గడ్డ మీద ఎంతగా కలిసిపోయిందంటే, గొబ్బెమ్మల మీద దాని పువ్వు లేకపోతే మనకు పండుగ కాదు. బదిలీ మీద వచ్చి స్థిరపడిపోయిన ఉద్యోగి లాంటిదన్నమాట.

ఎంట్రీ పడని సర్వీసు

మన మిత్రులకు తెలుసు. ఎన్నేళ్ళు పనిచేసినా రిజిస్టరులో ఎంట్రీ పడకపోతే ఆ సర్వీసు పెన్షనుకు లెక్కకు రాదు. గుమ్మడి చరిత్రలో నాకు ఎక్కువగా కనబడింది ఇటువంటి సర్వీసే.

ఏకార్న్ గుమ్మడిలో ప్రసిద్ధమైన టేబుల్ క్వీన్ అనే రకాన్ని 1913లో డిమోయిన్‌లోని అయోవా సీడ్ కంపెనీ వారు అమ్మకానికి పెట్టారు. రికార్డులో ఉన్నది కంపెనీ పేరు. దాని మూలవిత్తనం మాత్రం ఉత్తర డకోటా ప్రాంతపు అరికారా తెగ వారిదని చెబుతారు. ఆ తెగ పక్కనే మిస్సోరీ నది ఒడ్డున హిడాట్సా తెగ వారు ఉండేవారు. ఆ తెగలో మాక్సిడివియాక్ అనే వృద్ధురాలు తమ వ్యవసాయ పద్ధతులన్నీ నోటితో చెప్పగా, గిల్బర్ట్ విల్సన్ వ్రాసుకుని 1917లో పుస్తకంగా వెలువరించాడు. ఆడవాళ్ళు ఎముక కత్తితో గుమ్మడిని చక్రాలుగా తరిగి, పుల్లలకు గుచ్చి, మంచె మీద ఎండబెట్టి, చలికాలానికి దాచుకునేవారని అందులో ఉంది. అవి మన వరుగులు కాక మరేమిటి? మంచి కాయ చూసి విత్తనం ఎంచడం, నాటడం, కాపలా కాయడం అంతా ఆడవాళ్ళ పనే.

తరువాత ఏమైంది? మిస్సోరీ నది మీద గారిసన్ ఆనకట్ట కట్టారు. 1953లో నీరు నిలిచింది. మాండన్, హిడాట్సా, అరికారా తెగల వారి భూముల్లో 1,50,000 ఎకరాలకు పైగా పోయాయి. నది ఒడ్డున ఉన్న సారవంతమైన తోటభూములు నీట మునిగి, జనం మెట్టకు తరలవలసివచ్చింది. ముంపు గ్రామాలంటే ఏమిటో శ్రీశైలం, నాగార్జునసాగరం ఎరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ విత్తనం మాత్రం దేశమంతా కొట్లలో అమ్ముడవుతూనే ఉంది.

నిప్పు నుండి గాలికి

గుమ్మడికి తన పెంకే పాత్ర. అక్కడి మూలవాసులు దానిని నిప్పులలో, వేడి బూడిదలో కాల్చుకునేవారు. ఆర్మేనియా దేశంలో గుమ్మడిపండు లోపల తొలిచి, బియ్యం, ఎండుద్రాక్ష వంటి పండ్లు, తేనె కూరి కాల్చే ఘపామా అనే వంటకం పండుగలకు ప్రసిద్ధం.

ఇక ఎయిర్ ఫ్రయ్యర్ సంగతి. 1945 ప్రాంతంలో అమెరికాలో విలియం మాక్సన్ అనే ఆయన విమానాలలో గడ్డకట్టించిన భోజనాలను వేడిచేయడానికి, లోపల ఫ్యాను తిరిగే చిన్న పొయ్యిపెట్టె తయారుచేశాడు. వేడిగాలిని విసరితే పదార్థం త్వరగా వేడెక్కుతుందన్నది సూత్రం. ఫ్రెడ్ వాన్ డెర్ వే అనే డచ్చి ఆయన కృషి ఫలితంగా 2010లో ఫిలిప్స్ కంపెనీ ఇంటివాడకానికి ఎయిర్ ఫ్రయ్యర్‌ను బెర్లిన్ ప్రదర్శనలో విడుదల చేసింది. పేరులో వేపుడు ఉంది గాని, నిజానికి అది వేపదు. పదార్థం చుట్టూ ఉండే తేమగాలిని వేడిగాలి తరిమేయడం వల్ల పైభాగం ఆరి ఎర్రబడుతుంది. కుంపటి దగ్గర విసనకర్ర విసరిన మన అమ్మమ్మలకు గాలి మహిమ తెలియనిది కాదు. అయితే వారు గాలిని నిప్పుకు విసిరారు, ఈ యంత్రం వేడిగాలినే పదార్థం మీదకు విసురుతుంది.

వండే పద్ధతి

కిలోకు లోపు ఉన్న చిన్న గుమ్మడిపండు తీసుకోండి. మన మంచి గుమ్మడి చిన్నది దొరికినా సరిపోతుంది. తోలు గట్టిది, కత్తి జారుతుంది. క్రింద తడిగుడ్డ పరచి, చేతులలో పట్టు తగ్గినవారు ఇంట్లో చిన్నవాళ్ళ సాయం తీసుకోండి. చిన్న ముక్క నాలుక మీద వేసి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారవేయండి. ఆ విషం ఉడికించినా పోదు.

గింజలు తీసి, లోపల ఒక చెంచా నూనె, ఉప్పు, మిరియాల పొడి రాసి, 180 డిగ్రీల వేడిలో 25 నిమిషాలు పెట్టండి. పుల్ల గుచ్చితే సులువుగా దిగాలి. ఈలోగా ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, ఉడికిన శనగలు, గుప్పెడు అన్నం, వేరుశనగపప్పు కలిపి పోపు పెట్టుకోండి. చెక్కల్లో కూరి మరో 8 నిమిషాలు ఉంచండి. చక్కెర వ్యాధి ఉన్నవారు అన్నం మానేసి శనగలు పెంచుకోవడం మంచిది. పళ్ళు లేనివారు కండను చెంచాతో గీసుకుని తినవచ్చు.

మేము తిరిగి వచ్చిన మూడు నెలలకు మా ఆవిడ గుండెకు స్టెంటు వేశారు. నూనె తగ్గించమని, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడవద్దని డాక్టరుగారు చెప్పారు. అమ్మాయి ఆ యంత్రం ఒకటి కొనిచ్చింది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వంట నాదే. మొదటి వారం రెండు గుమ్మడికాయలు మాడ్చాను. నలభై రెండేళ్ళు ఆవిడ వండిపెట్టింది. అందులో ఒక్క క్యాజువల్ లీవు లేదు, ఇంక్రిమెంటు లేదు, సర్వీసు రిజిస్టరే లేదు. ఊరందరి ఎంట్రీలూ వేసినవాణ్ణి, ఇంట్లో ఉన్న ఎంట్రీ వేయలేదు. ఆలస్యమైనా ఈ పత్రిక మూలంగా వేస్తున్నాను.

మొన్న చేసిన గుమ్మడి తిని, "ఉప్పు కాస్త తగ్గింది గాని, బాగానే ఉందండీ" అంది. దానిని నా తొలి కాన్ఫిడెన్షియల్ రిపోర్టుగా దాచుకున్నాను.

సెలవు.