కుట్టుపనిదాని కూతురు, వంగదేశపు బాలుడు

ఫ్రాన్సు దేశమున వోకూలర్ అను చిన్న ఊరు కలదు. అచ్చట 1743లో ఒక పేద కుట్టుపనిదానికి జాన్ అను ఆడపిల్ల పుట్టెను. తండ్రి ఎవరో నిశ్చయముగా తెలియదు. పారిసులో కన్యకల మఠమున కొంత చదువుకొని, ఆడవారి టోపీలు అమ్ము దుకాణములో పనికి కుదిరెను. మిక్కిలి అందగత్తె. దు బారీ అను జూదరి ఆమెను చేరదీసి గొప్పవారికి ఎరజూపెను. ఆ సంగతి ఇంతటితో విడిచెదను.

1768లో 15వ లూయీ రాజు ఆమెను చూచి మోహించెను. అయితే బిరుదులేని స్త్రీ రాజసభకు పోరాదు. ఏమి చేసిరో చూడుడు! జూదరి తమ్మునితో ఆమెకు పేరుకు పెండ్లి చేసిరి; వయస్సు తగ్గించి, గొప్పయింటి తండ్రిని తగిలించి, దొంగ జననపత్రము పుట్టించిరి. 1769 ఏప్రిల్ 22న ఆమె మదాం దు బారీ అను పేర వెర్సాయ్ రాజసభకు పరిచయము చేయబడెను.

ఆమె పరివారములో జామోర్ అను పిల్లవాడుండెను. వాడు వంగదేశమున చిట్టగాంగులో పుట్టినవాడు. బానిసల వర్తకులు ఓడనెక్కించి తెచ్చిరి. వాడు మన ప్రక్కవాడేయని తలచినప్పుడు మనస్సు చివుక్కుమనదా? పట్టుబట్టలు తొడిగి, అతిథుల వేడుకకు వానిని త్రిప్పిరి. ఆమెకు కాఫీ అందించుచున్నట్లు గీసిన పటము నేటికిని ఉన్నది. ఆమె కఠినురాలు కాదు. మరణశిక్ష పడినవారికొరకు రాజును బతిమాలినది. వానికి బాప్తిస్మమిప్పించెను, చదువు చెప్పించెను. అయినను వాడు ఆమెకు ఆటబొమ్మయే. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోవు బ్రతుకు ఆమె ఎరుగనిదా?

1774లో రాజుకు మశూచి సోకగా, ఆమె భయపడక ప్రక్కనుండి పరిచర్య చేసెను. పాపవిమోచనము పొందగోరి రాజే ఆమెను పంపివేసెను. మే 10న అతడు చనిపోయెను. ఆమెను మఠములో నిర్బంధించి, తరువాత విడిచిరి.

1789లో విప్లవము పుట్టెను. జామోర్ రూసో గ్రంథములు చదివి విప్లవకారులలో చేరగా, ఆమె కొలువునుండి తీసివేసెను. దొంగిలింపబడిన నగలకొరకు ఆమె పలుమారు లండనుకు పోయివచ్చుట దేశద్రోహముగా ఎంచబడెను. 1793 డిసెంబరులో విచారణ జరిగినప్పుడు జామోర్ సాక్షిగా నిలిచి, తాను పుట్టినది వంగదేశమని చెప్పి, ఆమెకు విరోధముగా పలికెను. 8వ తేదీన ఆమెను బండిమీద తీసికొనిపోవుచుండగా, జనులను చూచి ప్రాణము దక్కించుమని బిగ్గరగా ఏడ్చెను. ఆమె తల తీసిరి.

జామోరును కూడ కొన్ని వారములు చెరలో వేసిరి. అతడు 1820లో పారిసులో కటిక పేదయై చనిపోయెను.