కొత్త రింగులేసినా కిక్కు ఆగలే

ఇప్పుడంటే బటన్ నొక్కితే బండి లేస్తది. పాత బుల్లెట్ అట్ల గాదు బిడ్డా. హెడ్‌లైటు మీద చిన్న ఆంపియర్ మీటరుంటుండె. తాళం తిప్పి కిక్కు మెల్లగ నూకితే ముల్లు నడిమిట్లకొస్తది. అప్పుడు డీకంప్రెసర్ పట్టి, పిస్టన్ను జరంత దాటిచ్చి, ఇడిసిపెట్టి, ఒంటి బరువంత ఏసి కొట్టాలె. తొందరపడితే కిక్కు ఎనక్కి తన్ని పిక్క పలగ్గొడ్తది.

ఓసారి ఒక పంతులు సారు బుల్లెట్ నూకుకుంట తెచ్చిండు. ఏరేకాడ ఇంజన్ పూర విప్పి కట్టిండ్రట. బోరింగు చేసిండ్రు, కొత్త పిస్టన్, కొత్త రింగులు, వాల్వులు సుత నూరిండ్రు. అయినా స్టార్ట్ కాదు. నేను చేత్తోని నూకితేనే కిక్కు కిందికి దిగింది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 స్ట్రోకు, 346 సీసీ ఇంజనది. కంప్రెషన్ మంచిగుంటే మనిషి ఎక్కి నిలబడ్డా కిక్కు కాసేపు ఆగాలె.

సారేమో రింగులు దొంగమాలు, మళ్ల మార్చమంటడు. ఆగుండ్రి సారూ, విప్పుడెంతసేపు అన్న.

ముందుగాల ప్లగ్గు తీసి చెంచెడు ఇంజన్ ఆయిల్ పోసిన. ఆయిల్ రింగుల సందు మూస్తది. దాంతోని కిక్కు గట్టిపడితే తప్పు రింగులదో బోరుదో. గట్టిపడలే. అంటే గాలి పైనుంచే పోతున్నది. డీకంప్రెసర్ అనేది సుత హెడ్డుల ఉండే చిన్న వాల్వే. వైరు బిర్రుగుంటే అది లేసే ఉంటది. వైరు ఇప్పి చూసిన. ఫరకు లేదు.

గేజు పెట్టొచ్చు గద అంటవా? పెట్టొచ్చు. ఎక్సలేటర్ పూర తిప్పి పట్టుకోవాలె, లేకుంటే గాలే లోపలికి రాదు, మంచి ఇంజన్ సుత తక్కువ చూపిస్తది. ఎంత తక్కువున్నదో గేజు చెప్తది గని, గాలి ఎటు పోతున్నదో చెప్పదు. దానికి చెవే కావాలె.

కంప్రెషన్ మీదికి తెచ్చి, ఒక పోరనితోని కిక్కు మెల్లమెల్లగ నూకిచ్చిన. కార్బురేటర్ కాడ చెవి పెడితే సప్పుడు లేదు. ఇంజన్ గాలి గొట్టం కాడ లేదు. సైలెన్సర్ మూతి కాడ బుస్సుమన్నది. ఎగ్జాస్ట్ వాల్వే!

పక్కన రాడ్ల మూత ఇప్పిన. పిస్టన్ పైనున్నప్పుడు రెండు రాడ్లూ ఏళ్లతోని తిప్పితే అల్కగ తిరగాలె, కిందికి మీదికి ఆడొద్దు. ఇన్లెట్ది తిరిగింది. ఎగ్జాస్ట్ది బిగుసుకుపోయింది. వాల్వును నూరితే అది సీట్ల ఇంక లోపలికి కూసుంటది, దాని కాడ మీదికి లేస్తది, రాకర్ తిరిగి రాడ్డును కిందికి ఒత్తుతది. నూరినోళ్లు రాడ్డు తగ్గియ్యలే. ఇగ వాల్వు మూసుకునుడెక్కడిది?

సన్నటి స్పానర్లతోని లాకు నట్టు వదులు చేసి, రాడ్డు కురచ చేసి, మళ్ల బిగిచ్చిన. సారును కిక్కెక్కమన్న. ఎక్కిండు. ఆగింది.

కొన్ని దినాలు నడిపి మళ్ల తెమ్మన్న. కొత్తగ నూరిన వాల్వు ఇంకింత కూసుంటది గద. తెచ్చినప్పుడు చూస్తే ఎగ్జాస్ట్ రాడ్డు మళ్ల జరంత బిర్రైంది.