నల్లకుంటలో చనిపోయిన మనిషి

నా చిన్నప్పుడు మా ఇంట్లో సెకండ్ షో సినిమా అనేది లేదు. పెళ్లయిన అన్నయ్య, వదిన వెళ్దామన్నా అమ్మీ ఒప్పుకునేది కాదు. ఎందుకని అడిగితే ఒకటే మాట. "నల్లకుంట మర్చిపోయారా?" మాది కర్నూలు జిల్లా. నల్లకుంట ఎక్కడుందో అమ్మీకి తెలీదు, మాకూ తెలీదు. హైదరాబాదు ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా ఆ పేరు మా వాడకట్టులో అందరికీ తెలుసు. మాకది ఊరి పేరూ కాదు, బస్తీ పేరూ కాదు. భయం పేరు.

1978 మార్చి నెలాఖరున మా జిల్లా నుంచే ఒక జంట హైదరాబాదు వెళ్లింది. కాయకష్టం చేసుకు బతికేవాళ్లు. రాత్రి సినిమా చూసి నడిచి వస్తోంటే పోలీసులు ఆపారు. అర్ధరాత్రి రోడ్డు మీద ఒక పేద ముస్లిం మగవాడు, పక్కన ఒక ఆడది. పోలీసుల లెక్కలో ఆ ఇద్దరూ భార్యాభర్తలు కావడానికి వీల్లేదు. నల్లకుంట స్టేషన్‌కి తీసుకుపోయారు. స్టేషన్‌లో ఆమెను చెరిచారు. ఇదేమిటని నిలదీసినందుకు భర్తను కొట్టారు. అతను చనిపోయాడు.

ఆమె పేరు రమీజాబీ. అది దేశమంతా తెలుసు. చనిపోయిన మనిషి పేరు అహ్మద్ హుస్సేన్. ఇది ఎంతమందికి గుర్తుంది? ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. నల్లకుంటలో జరిగినవి రెండు నేరాలు. ఒకటి అత్యాచారం, రెండోది హత్య. చరిత్రలో మొదటిది నిలిచింది. రెండోది దాని కొంగు చాటున ఎక్కడో జారిపోయింది. ఎలా జారిపోయిందో చూస్తే, ఒక పల్లెటూరి మనిషిని చంపారన్న నేరం పోలీసుల మీద ఎందుకు నిలబడదో తెలుస్తుంది.

ఆ చావు మాత్రం గుట్టుగా జరిగిపోలేదు. జనం శవాన్ని స్టేషన్ ముందుకు తెచ్చారు. హైదరాబాదు భగ్గుమంది. కాల్పులు, కర్ఫ్యూ. మంటలు జిల్లాలకీ పాకాయి. చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయి అప్పటికి నెల కూడా కాలేదు. ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేసింది. కమిషన్ మొహమాటపడలేదు. అత్యాచారం జరిగిందనీ, కొట్టి చంపడం జరిగిందనీ, చేసింది పోలీసులేననీ తేల్చింది. వాళ్లపై కేసు నడపమంది.

జనం గెలిచామనుకున్నారు. అక్కడే మోసపోయాం. కమిషన్ తీర్పు తీర్పు కాదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద అది ప్రభుత్వానికిచ్చే సలహా మాత్రమే. కమిషన్ ముందు ఒక మనిషి చెప్పిన మాటను తర్వాత క్రిమినల్ కోర్టులో ఆ మనిషి మీదే సాక్ష్యంగా వాడటానికి ఆ చట్టంలోని ఆరో సెక్షన్ ఒప్పుకోదు. అంటే ఒక న్యాయమూర్తి నెలల తరబడి విని తేల్చిన నిజాన్ని ఇంకో కోర్టులో మళ్లీ మొదటి అక్షరం నుంచి రుజువు చేయాలి. ప్రభుత్వాలకి కమిషన్లంటే ఎందుకంత ఇష్టమో ఇప్పుడు చెప్పక్కర్లేదు. వీధిలో రాజుకున్న నిప్పు కమిషన్‌తో చల్లారుతుంది. కోర్టు దాకా ఆ వేడి పోదు.

కేసు మన రాష్ట్రంలో నడవలేదు. కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయింది. 1956 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాయే, పరాయి దేశమేమీ కాదు. కానీ రోజు కూలీ మీద బతికే సాక్షికి వాయిదా వాయిదాకీ అక్కడికి పోయి రావడమంటే మాటలు కాదు. బస్తీలో అండగా నిలబడిన జనం ఆ కోర్టు హాల్లో ఉండరు. 1981లో రాయచూరు సెషన్స్ కోర్టు పోలీసులందర్నీ నిర్దోషులని వదిలేసింది. కమిషన్ హంతకులన్నవాళ్లు ఇంటికి పోయారు.

కమిషన్ దగ్గర పోలీసుల తరఫు వాదన ఏమిటో మనం, ముఖ్యంగా మన ముస్లింలం, మర్చిపోకూడదు. అహ్మద్ హుస్సేన్ ఎలా చచ్చిపోయాడన్నది వాళ్ల వాదనకి కేంద్రం కాదు. రమీజాబీ ఎలాంటిదన్నది కేంద్రం. ఆమె వ్యభిచారి అన్నారు. ఆమెకి ముందు పెళ్లిళ్లున్నాయనీ, అవి చెల్లుబాటుగా తెగలేదనీ, కాబట్టి అహ్మద్ హుస్సేన్ ఆమెకి భర్తే కాడనీ అన్నారు. నికా, తలాక్, ఇద్దత్ మాటలన్నీ ఖాకీ బట్టల నోట పలికాయి. షరియత్ మీద పోలీసులకి అంత శ్రద్ధ అంతకు ముందెప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు.

ఒక్కసారి ఆలోచించండి. ఆమె అతని భార్య కాదే అనుకుందాం. అయితే అతణ్ణి కొట్టి చంపడం హత్య కాకుండా పోతుందా? పోదు. మరి ఆ వాదన ఎందుకు? ఎందుకంటే స్టేషన్ గోడల మధ్య జరిగినదానికి పోలీసులు కాని సాక్షి ఆమె. ఆమె మాట పోతే చచ్చినవాడి తరఫున మాట్లాడే నోరు లేదు. అందుకని హత్య గురించి అడగాల్సిన చోట పెళ్లి గురించి అడిగారు. అప్పటి సాక్ష్య చట్టం కూడా దానికి వీలిచ్చింది. అత్యాచారం కేసులో ఆమె నడత మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయించుకునే హక్కు 155వ సెక్షన్‌లో నిందితుడికి ఉండేది. ఆ నిబంధన 2003 దాకా బతికే ఉంది.

ఇక మన సంగతి. మా పేదిళ్లల్లో పెళ్లికి కాగితం ఉండదు, తలాక్‌కి కాగితం ఉండదు. ఆకలికి తాళలేక చిన్న వయసులో ఎవరికో ఇచ్చేస్తారు. వాడు వదిలేస్తాడు. ఇంకొకడు చేసుకుంటాడు. దీన్ని నడత అనరు, బతుకు అంటారు. కానీ మా మొహల్లాలో మసీదు మెట్ల మీద కూర్చునే పెద్దలు కొందరు కూడా ఆ రోజుల్లో "ఆమె మంచిది కాదట" అని గుసగుసలాడారు. ఖౌమ్ ఇజ్జత్ పోయిందని రోడ్డెక్కినవాళ్లకి, ఆ ఇజ్జత్ ఒక అనామకురాలి దగ్గర, ఒక కూలివాడి దగ్గర ఉందని ఒప్పుకోవడం కష్టమైంది. పోలీసుల వాదన మన ఇళ్లల్లోనూ గవాహీలు వెతుక్కుంది. ఈ మాట మనమే చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్తారు?

అయితే ఆ స్త్రీ ఒంటరిగా మిగల్లేదు. హైదరాబాదులో 1978లోనే స్త్రీశక్తి సంఘటన పుట్టింది. అదే ఏడు సుప్రీంకోర్టు మధుర అనే ఆదివాసీ అమ్మాయి కేసులో ఇద్దరు పోలీసుల్ని వదిలేసింది. దాని మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్లు కదిలారు. ఫలితంగా 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారం ప్రత్యేక నేరమైంది. శారీరక సంబంధం రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె చెప్తే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలని సాక్ష్య చట్టంలో 114-ఎ చేర్చారు. రుజువు బరువు కొంత పోలీసు వైపు మొగ్గింది.

అంటే నల్లకుంటలోని రెండు నేరాల్లో ఒకదానికి చట్టంలో జవాబు దొరికింది. రెండోదానికి? అహ్మద్ హుస్సేన్ చావుకి?

దానికి జవాబు దగ్గరదాకా వచ్చి ఆగిపోయింది. ఆ కథ ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్ జిల్లాది. 1969లో హైబత్‌పూర్ అనే పల్లెలో బ్రిజ్‌లాల్ అనే రైతు ఉండేవాడు. ఒక కానిస్టేబుల్ తన దగ్గర వంద రూపాయల లంచం పట్టాడని పైవాళ్లకి ఫిర్యాదు చేశాడు. ఆగస్టులో హుస్సేన్‌గంజ్ స్టేషన్ పోలీసులు అతణ్ణి పట్టుకుపోయి చావగొట్టారు. రిమాండు కోసం మేజిస్ట్రేటు దగ్గరికి తెస్తే గదిలోకి నడిచి రాలేకపోయాడు. మేజిస్ట్రేటు లేచి వరండాలోకి వచ్చాడు. ఎవరు కొట్టారని అడిగాడు. హుస్సేన్‌గంజ్ దరోగా, కానిస్టేబుళ్లు కొట్టారని అతను చెప్పింది రాసుకున్నాడు. ఆ రోజే బ్రిజ్‌లాల్ చనిపోయాడు.

హైకోర్టు పోలీసుల్ని వదిలేసింది. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, ఎస్.ఐ.కి సెషన్స్ కోర్టు వేసిన ఏడేళ్ల శిక్షను నిలబెట్టింది. ఆ కేసు నిలబడింది ఆ వరండాలో రాసుకున్న నాలుగు ముక్కల మీద. ఆ మేజిస్ట్రేటు కుర్చీలోంచి లేవకపోతే బ్రిజ్‌లాల్ కూడా అహ్మద్ హుస్సేన్ దారినే పోయేవాడు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ఆ తీర్పులోనే అసలు చిక్కు చెప్పారు. కస్టడీలో ఏం జరిగిందో తెలిసేది పోలీసులకే, వాళ్లు ఒకరి మీద ఒకరు చెప్పరు, కాబట్టి రుజువు బరువు ఎవరి మీద ఉండాలో ప్రభుత్వం మళ్లీ ఆలోచించాలన్నారు.

లా కమిషన్ ఆలోచించింది. 1985లోనే 113వ నివేదికలో సాక్ష్య చట్టానికి 114-బి చేర్చమంది. ఒక మనిషికి పోలీసు కస్టడీలో ఉన్న కాలంలో గాయమైందని రుజువైతే, ఆ గాయం చేసింది ఆ అధికారేనని కోర్టు భావించవచ్చు, కాదని చూపించుకోవడం అతని పని. ఇంతే. ఒక్క సెక్షన్. నలభై ఏళ్లు గడిచాయి. 2010లో లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లు పాస్ చేసింది, అది 2014లో సభతోపాటే మురిగిపోయింది. 1997లో సంతకం పెట్టిన ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం ఆమోదించలేదు. 2024 జూలై 1 నుంచి బ్రిటిష్ వాళ్ల చట్టాలు పోయి కొత్తవి వచ్చాయని పండగ చేశారు. కొత్త సాక్ష్య చట్టంలోనూ 114-బి లాంటిది లేదు.

చంపితే హత్యే, ఒప్పించడానికి కొడితే నేరమే అని చట్టంలో మొదట్నుంచీ ఉంది. యూనిఫాం వేసుకున్నవాడికి మినహాయింపు లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోనే 330, 331 సెక్షన్లున్నాయి. లేనిది నేరం పేరు కాదు, నిరూపించే దారి. నేరం జరిగిన చోటు నిందితుడి చేతిలో ఉంటుంది. డైరీ అతనే రాస్తాడు. పంచనామాకి మనుషుల్ని అతనే పిలుస్తాడు. దర్యాప్తు అతని తోటివాడు చేస్తాడు. 2005 సవరణతో కస్టడీ చావుల మీద జ్యుడీషియల్ మేజిస్ట్రేటే విచారణ జరపాలన్నారు. మంచిదే. ఆ మేజిస్ట్రేటు వరండాలోకి లేచి వచ్చేవాడా కాదా అన్నది మాత్రం చట్టం చెప్పలేదు.

పోలీసుల కాగితమే పోలీసుల్ని పట్టించిన సందర్భమూ ఉంది. 1987 మే 22న మీరట్‌లోని హాషింపురా మొహల్లా నుంచి పి.ఎ.సి. బలగాలు ముస్లిం మగవాళ్లని లారీలో తీసుకుపోయి కాలువల దగ్గర కాల్చి నీళ్లలో పారేశాయి. 2015లో ఢిల్లీ ట్రయల్ కోర్టు 16 మందిని వదిలేసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ పట్టుబడితే బలగాల సొంత డైరీ రిజిస్టరు బయటికొచ్చింది. దాంతో 2018 అక్టోబర్ 31న హైకోర్టు ఆ 16 మందికీ యావజ్జీవం వేసింది. 31 ఏళ్లకి. ఆ రిజిస్టరు అన్నాళ్లూ ఎక్కడుంది? వాళ్ల దగ్గరే ఉంది.

ఇది ముస్లింల గోడు మాత్రమే కాదు. బ్రిజ్‌లాల్ ముస్లిం కాదు, మధుర ముస్లిం కాదు. లాఠీకి మతం లేదంటారు సెక్యులర్ మిత్రులు. కొంతవరకు నిజం. పేదవాణ్ణెవణ్ణయినా కొడుతుంది. కానీ కొట్టాక చచ్చినవాడి తరఫున నిలబడ్డ సాక్షిని చెరిపెయ్యడానికి ఏ సాధనం వాడాలన్నది మతాన్నిబట్టి, కులాన్నిబట్టి మారుతుంది. మధుర దగ్గర ఆమె కన్య కాదన్నారు. రమీజాబీ దగ్గర ఆమె నికా నికా కాదన్నారు. ఆ తేడా తెలుసుకోకుండా మనం ఒకరికొకరం తోడు రాలేం.

2023 ఫిబ్రవరిలో మెదక్‌లో ఒక రోజుకూలీ చనిపోయాడు. గొలుసు దొంగ అనుకుని పోలీసులు తీసుకుపోయి కొట్టారని ఆరోపణ. చనిపోయేముందు ఆసుపత్రి మంచం మీద అతను చెప్పిన మాటల్ని ఫోన్‌లో పట్టారు. ముస్లిమే. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ వీడియో చూసినప్పుడు నాకు హైబత్‌పూర్ రైతు గుర్తొచ్చాడు. వరండాలోకి మేజిస్ట్రేటు రాకపోయినా ఈసారి ఒక ఫోన్ వచ్చింది. బతికుండగానే తన చావుకి తానే గవాహీ చెప్పుకోవాల్సిన స్థితి మాత్రం మారలేదు.

అమ్మీ ఇప్పుడు లేదు. ఆమె భయం ఒక్కటే నేర్పింది, రాత్రిపూట బయటికి పోవద్దని. నా పిల్లలకి నేను ఇంకొకటి కూడా చెప్తున్నాను. నల్లకుంటలో చనిపోయిన మనిషి పేరు అహ్మద్ హుస్సేన్. అతను ఎవరి భర్త అన్నది కాదు, అతణ్ణి ఎవరు చంపారన్నది ప్రశ్న.