పక్షము మార్చుటయు, వాదధర్మమును

వాదమున తన పక్షమును విడిచి యెదుటి పక్షమును గ్రహించుట దోషమా, గుణమా యను ప్రశ్న మన తార్కికులకు క్రొత్తది కాదు. న్యాయశాస్త్రము 22 నిగ్రహస్థానములను చెప్పి, ప్రతిజ్ఞాసన్న్యాసమును వానిలో నొకటిగా లెక్కించినది. పరుడు దోషము చూపగనే "నేనట్లనలేదు" అని తొలగువాడు ఓడినవాడే. అయినను ఆ శాస్త్రమే కథను వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగా విభజించినది. జల్పమునకు గెలుపు ఫలము. వాదమునకు తత్త్వనిర్ణయము ఫలము. ఇటీవలి చరిత్ర నొకదాని నీ కొలతతో పరిశీలింతము.

2011 మే 12వ తేదీన అమెరికా సెనేటులో పిపా యనియు, అక్టోబరు 26వ తేదీన ప్రతినిధుల సభలో సోపా యనియు రెండు బిల్లులు ప్రవేశపెట్టబడినవి. సినిమాలను, పాటలను, సాఫ్ట్‌వేరును అనుమతి లేక పంచిపెట్టు విదేశపు వెబ్‌సైట్ల నడ్డగించుట వాని యుద్దేశము. అట్టి సైట్లకు ప్రకటనలును చెల్లింపులును నిలుపవలెననియు, ఇంటర్నెట్టు నందించు సంస్థలు వానికి దారి మూయవలెననియు వానిలోని ప్రధానాంశములు.

సాఫ్ట్‌వేరు సంస్థల సంఘమైన బిజినెస్ సాఫ్ట్‌వేర్ అలయన్స్ మొదట సోపాను మెచ్చుకొన్నది. మైక్రోసాఫ్ట్ అందు సభ్యురాలు. ఈ మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినది; ఆ యేడే నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. బిల్లు నెదిరించిన గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలకును నాటికే ఈ నగరమున కార్యాలయములు కలవు. వాషింగ్టనులో ఎదురుపడినవారు సైబరాబాదున ఇరుగుపొరుగువారు!

2011 నవంబరులో ఆ సంఘము తన మాటను సవరించుకొన్నది. చౌర్యము నరికట్టవలసినదే గాని, న్యాయవిచారణకును వాక్స్వాతంత్ర్యమునకును భంగము రారాదని హేతువు చెప్పినది. డిసెంబరు 23వ తేదీన గోడాడీ యను సంస్థయు బిల్లును వదలినది. అప్పటికే దాని ఖాతాదారులు వేరొకచోటికి తరలిపోవుచుండిరి. 2012 జనవరి 18వ తేదీన ఆంగ్ల వికీపీడియా ఒక దినము తన పుటలను మూసికొన్నది. ఆనాడే పిపాను బలపరచిన సెనేటర్లు మార్కో రూబియో, రాయ్ బ్లంట్ తమ మద్దతును ఉపసంహరించుకొనిరి. రెండు దినములకే బిల్లులు రెండును ప్రక్కకు పోయినవి.

వీరందరును పక్షము మార్చినవారే. కాని హేతువును చూచి మార్చినదొకటి, బేరము పోవుచున్నదని మార్చినది వేరొకటి. మొదటిది వాదము; రెండవది జల్పమున ఓటమి. ఫలమొక్కటే యైనను ధర్మ మొక్కటి కాదు. లోపలి భావమును మనము చూడజాలము గనుక, చెప్పిన హేతువునకు వారు తరువాత కట్టుబడిరా యనునదే పరీక్ష.

ఈ పరీక్ష మనకును తప్పదు. 2012 మే నెలలో మన పార్లమెంటు గ్రంథస్వామ్య చట్టమును సవరించినది. హక్కుదారుడు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసినచో, ఇంటర్నెట్టు మధ్యవర్తి 21 దినముల వరకు ఆ వస్తువును అందనీయరాదు. ఆలోపల న్యాయస్థానపు ఉత్తరువు రానిచో తిరిగి తెరువవచ్చును. ఆ సవరణమే అంధులు మొదలగువారు చదువుకొనుటకు వీలైన రూపములలో గ్రంథముల ప్రతులు చేయుటకు అనుమతి నిచ్చినది. ఒకచేత తాళము, ఒకచేత తాళపుచెవి!

హైదరాబాదున ఫిలింనగరు కలదు, మాదాపూరు కలదు. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది చిత్రమందలి పెద్ద భాగము విడుదలకు ముందే బయటికి పొక్కినప్పుడు, నిర్మాతల భయ మెట్టిదో ఈ నగరమునకు తెలిసినది. దొంగను పట్టుటకై వీథి నంతను మూయుట ఎంత తగదో, వీథి తెరచియుండుటకై దొంగను విడుచుటయు నంతే తగదు. గ్రంథకర్తకు జీవిక వలయును. చదువరికి గ్రంథము వలయును. ఈ రెంటిని నెరపు హేతువు ఎదుటివాని నోట వినబడినప్పుడు తన పక్షమును విడిచినవాడు ఓడినవాడు కాడు. అతడే వాదమును ఫలింపజేసినవాడు.